హెస్టర్ హామ్, ఆబ్రీ బేరింగు

ఆ శనివారం పొద్దున ఆబ్రీ పాస్క్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. టీ తాగాలి. వంటింటి ఓవెన్‌లో చక్రం నడిమి హబ్బును వేడి చేయాలి. ఫ్రీజర్‌లోంచి బేరింగు తీయాలి. రెండింటినీ ఇరుసుకు ఎక్కించి, పట్టా కలిపి, ఇంజను వేసి, మధ్యాహ్నానికల్లా చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోవాలి. ఇంత చిన్న పని మిగిలిందంటే పదేళ్ళకు పైగా పడిన శ్రమ గట్టెక్కినట్టే కదా అని అతను టీ కలుపుకుంటూ అనుకున్నాడు. గట్టు కనబడ్డాకే పడవలు మునుగుతాయన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తు రాలేదు.

ఇంటి వెనక షెడ్డులో ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రెన్ క్యారియర్. పైకప్పు లేని పెద్ద ఇనుప తొట్టెకు రెండు పక్కలా గొలుసు పట్టాలు తొడిగి, నడుమ ఇంజను కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. స్నెల్బీ ఊళ్ళో అందరూ దాన్ని ట్యాంకు అంటారు. ట్యాంకు కాదు, క్యారియర్ అని ఆబ్రీ ఓపిగ్గా సరిదిద్దుతాడు. వాళ్ళు కూడా అంతే ఓపిగ్గా విని, తల ఊపి, ట్యాంకు పని ఎందాకా వచ్చిందని అడుగుతారు.

ఒక పందుల దొడ్లో నీళ్ళ తొట్టిగా పడి ఉంటే దాన్ని అతను ఇంటికి తెచ్చుకున్నాడు. అప్పటికి అందులో తుప్పు ఎక్కువ, ఇనుము తక్కువ. ఆబ్రీ మెకానిక్ కాదు. లింకన్ పట్టణంలో ఒక దంత వైద్యశాలకు కట్టుడు పళ్ళు తయారుచేసి పదవీ విరమణ చేసినవాడు. నోట్లో ఉన్నది కట్టుడు పన్నని ఎవరూ పోల్చుకోలేకపోవడమే ఆ వృత్తిలో గెలుపు. జీవితమంతా ఎవరి కంటా పడని పని చేసినవాడికి, ఒక్కసారైనా ఊరు దద్దరిల్లేలా చప్పుడు చేసే వస్తువును తయారు చేయాలని కోరిక పుట్టింది. అందులో తప్పేముంది?

పని చేశాడంటే అలా ఇలా కాదు. నేల రేకుల్ని తనే సుత్తితో సాపు చేశాడు. దొరకని మరల్ని మైనంతో అచ్చు తీసి పోత పోయించాడు. రేకుల్ని బిగించే ఒక్కొక్క రివెట్టునూ ముందుపన్ను దిద్దినంత శ్రద్ధగా దిద్దాడు. షెడ్డు గోడ పొడుగునా మార్మలేడ్ అనే నారింజ జామ్ సీసాలు, వాటి నిండా నట్లు, ప్రతి సీసా మీదా అతని ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ సీసాలు ఖాళీ కావడం కోసం అతని భార్య హెస్టర్ కొన్నేళ్ళపాటు రొట్టె మీద మార్మలేడ్ తప్ప మరొకటి రాసుకోలేదు. ఇష్టం లేని ఆడమనిషి చేసే పని కాదది.

అసలు చిక్కు పోయినేటి కోతల విందులో మొదలైంది. పంటలు ఇంటికొచ్చాక ఊరంతా హాల్లో కూర్చుని తినే ఆ విందుకు, జిల్లా పాత సైనిక వాహనాల సంఘం అధ్యక్షుడు సెడ్రిక్ బ్లెంకిన్ అతిథిగా వచ్చాడు. మీ బండి ఎప్పటికైనా నడుస్తుందా, లేక నిలబెట్టి చూసుకోవడానికేనా అని అతను నవ్వుతూ అడిగాడు. అప్పటికి రెండు గ్లాసుల సైడర్, అదే ఆపిల్ సారా, కడుపులో ఉన్న ఆబ్రీ లేచి నిలబడ్డాడు. వచ్చే కోతల విందుకు బండి తన పట్టాల మీద తనే ఈ హాలు గుమ్మం దాకా వస్తుందనీ, రాకపోతే అదే రోజు బ్లెంకిన్ దాన్ని తోలుకుపోవచ్చనీ, పైసా అక్కర్లేదనీ ప్రకటించాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ ఊళ్ళో గ్లాసు పట్టుకుని నిలబడి ఇచ్చిన మాటకు తిరుగు లేదు. తెల్లారేసరికి సైడర్ దిగింది గాని మాట దిగలేదు.

"నేనెప్పుడైనా దాన్ని వదిలించుకోమన్నానా?" అని హెస్టర్ ఆ మర్నాడు అడిగింది. "నన్నడక్కుండా ఇచ్చిన మాట నువ్వే నిలబెట్టుకో. ఓడిపోయి వచ్చి నా ముందు మొహం వేలాడేస్తే మాత్రం ఊరుకోను."

ఏడాది తిరిగేసరికి అన్నీ అమరాయి, ఒక్క ఎడమ వెనక పళ్ళ చక్రం తప్ప. పట్టాను లాగే చక్రం అదే. దాని బేరింగు, అంటే చక్రం తిరగడానికి ఇరుసుకు తొడిగే ఇనుప కడియం, ఇరుసు మీదికి సగం దాకా ఎక్కి మొండికేసేది. చలికి ఇనుము ముడుచుకుంటుంది, వేడికి ఉబ్బుతుంది. "బేరింగుకు చలి, హబ్బుకు వేడి" అని బ్లెంకిన్ సంఘం పత్రికలో రాసిన వ్యాసం జిల్లాలోని ప్రతి షెడ్డులోనూ గోడకు అంటించి ఉంటుంది. మిగతా చక్రాలన్నీ ఆ సూత్రంతోనే సుఖంగా కూర్చున్నాయి. ఈ ఒక్కటీ కూర్చోలేదంటే చలి చాల్లేదని ఆబ్రీ తేల్చాడు. వసంతంలో బేరింగును ఫ్రిజ్‌లో పెట్టాడు, ఎక్కలేదు. వేసవిలో ఫ్రీజర్‌లో పెట్టాడు, ఇంకా ముందే ఆగిపోయింది. ఈసారి వారం రోజుల ముందే దాన్ని నూనె గుడ్డలో చుట్టి, పైన వంటింటి అల్యూమినియం రేకు చుట్టి, ఫ్రీజర్‌లో అన్నిటికన్నా చల్లగా ఉండే అట్టడుగు అరలోకి దించాడు. అక్కడ అప్పటికే గుండ్రంగా, రేకు చుట్టి ఉన్న మరో పొట్లాన్ని పై అరలోకి జరిపాడు. అదేమిటని చూడలేదు.

అది హెస్టర్ హామ్. ఉప్పులో ఊరిన పందితొడను ముందే ఉడికించి, గుండ్రంగా కట్టి, ఫ్రీజర్‌లో దాచి, విందు రోజు పొద్దుట్నుంచీ రేకు విప్పకుండా సన్నని సెగ మీద వెచ్చబెట్టడం ఆమె పద్ధతి. రేకు విప్పితే రుచి పోతుందని ఆమె నమ్మకం, ఊరి నమ్మకం కూడా. ఈ ఏటి విందు రోజైన ఆ శనివారం ఆమె హాలు అలంకరణకు తెల్లారే వెళ్ళిపోయింది. అడుగు అరలో గుండ్రంగా ఉన్న పొట్లం తెచ్చి హాలు వంటింటి ఓవెన్‌లో పెట్టమని నేస్తురాలు మ్యూరియల్‌కు చెప్పింది. మ్యూరియల్ ఆ ఊరి అలవాటు ప్రకారం వెనక తలుపు తీసుకుని లోపలికొచ్చి, చెప్పినచోట ఉన్నది తీసుకుని వెళ్ళింది. ఆబ్రీ అప్పుడు షెడ్డులో ఇరుసును మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు.

సాయం పట్టడానికి పక్కింటి ఐవర్ వచ్చాడు. ఐవర్ భారీ మనిషి, మాటకు ముందు నిట్టూర్పు. ఇద్దరూ ఓవెన్‌లోంచి హబ్బును పటకారుతో తెచ్చి బల్ల మీద పెట్టారు. సెగలు కక్కుతోంది. ఇక క్షణం ఆలస్యం పనికిరాదు. ఆబ్రీ ఫ్రీజర్‌లో మిగిలిన గుండ్రటి పొట్లాన్ని పట్టుకుని పరుగున వచ్చి రేకు విప్పాడు. ఇద్దరూ ఒంగి చూశారు.

ఐవర్ నిట్టూర్చాడు. "నాకీ బండ్ల సంగతి పెద్దగా తెలీదనుకో. కానీ ఇది హామ్ కదూ?"

హామ్ ఇక్కడుంటే బేరింగు ఎక్కడుందో లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆబ్రీ చేతి గుడ్డ విసిరేసి కారెక్కాడు. హామ్‌ను వెంట తీసుకెళ్ళాలన్న ఆలోచన అతనికి గాని, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ ఐవర్‌కు గాని రాలేదు.

ఊళ్ళోకి వెళ్ళే సందు ఒక్క బండి పట్టే వెడల్పు. అటూ ఇటూ మురుగు కాలువలు. సగం దూరం వెళ్ళేసరికి ఎదురుగా బ్లెంకిన్ లారీ, దాని వెనక పొడుగాటి ట్రైలర్ కనబడ్డాయి. మధ్యాహ్నం దాటాక రావలసినవాడు, ఎదురుచూసేలా చేయడం మర్యాద కాదని ముందే బయల్దేరాడు. అంత పొడవు ట్రైలర్‌తో అతను వెనక్కి వెళ్ళలేడనుకుని ఆబ్రీ కారును వెనక్కి నడిపాడు. ఇంటివాడిని వెనక్కి పంపడం తగదని బ్లెంకిన్ కూడా అదే సమయంలో వెనక్కి నడిపాడు. ఇద్దరికీ మధ్య ఫర్లాంగు ఖాళీ ఏర్పడింది. ఎదుటివాడు దారిచ్చాడు కాబోలనుకుని ఇద్దరూ ముందుకొచ్చారు. మళ్ళీ ఎదురుపడ్డారు, మళ్ళీ చేతులూపి మీరు రండంటే మీరు రండనుకున్నారు, మళ్ళీ ఇద్దరూ వెనక్కి వెళ్ళారు. రెండో విడతలో ట్రైలర్ వెనక చక్రాలు కాలువలోకి జారాయి. లారీ సందుకు అడ్డంగా తిరిగి నిలిచింది.

బ్లెంకిన్ దిగివచ్చి తప్పు తనదన్నాడు. ఆబ్రీ తనదన్నాడు. ఆ విషయం తేలడానికి కొంత సమయం పట్టింది. చివరికి తప్పు కాలువదని ఒప్పుకుని, ఆబ్రీ కంచె దాటి కోసిన గోధుమ చేలోంచి హాలుకేసి పరుగెత్తాడు.

హాల్లో అప్పటికి చాలాసేపట్నుంచీ ఒక వాసన తిరుగుతోంది. నూనె గుడ్డ సన్నని సెగ మీద మగ్గితే వచ్చే వాసన. దాని గురించి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. హెస్టర్ ఈ ఏడు హామ్ కొత్త పద్ధతిలో చేస్తోందేమో, అడిగితే నొచ్చుకుంటుందని మ్యూరియల్ ఊరుకుంది. మ్యూరియల్ తెచ్చిన యాపిల్ పై రొట్టె మాడిందేమో, అంటే చిన్నబుచ్చుకుంటుందని హెస్టర్ ఊరుకుంది. చర్చి పాస్టరు భార్య మాత్రం లోపలికొచ్చి గాలి పీల్చి, ఏదో కొత్తగా ఉందే అని మెచ్చుకుని, వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

ఆబ్రీ రొప్పుతూ వచ్చి ఓవెన్ ముందు ఆగాడు. "హెస్టర్, అందులో ఉన్నది హామ్ కాదు."

"మరి?"

"నా బేరింగు."

వంటింట్లో గరిటెలన్నీ ఆగిపోయాయి. మ్యూరియల్ మెల్లగా గొంతు సవరించుకుంది. "మెత్తబడిందో లేదోనని రేకు మీంచే పుల్ల గుచ్చి చూశాను. దిగలేదు. ఇంకో గంట పెట్టాలనుకున్నా."

హెస్టర్ భర్త వంక చూసింది. ఆ చూపులో కోపం ఉండాల్సినంత ఉంది గాని, దాని వెనక మరొకటి కూడా ఉంది. బండి పోతుందన్న దిగులు తనకు ఇంత ఉందని ఆమెకే ఆ క్షణం దాకా తెలియదు. చేతి తొడుగులు వేసుకుని, పొట్లాన్ని ట్రేతో సహా బయటికి లాగి, పద అంది. సాయంత్రానికి ఊరంతా వచ్చి కూర్చుంటుంది, తన హామ్ తన కళ్ళబడాలి, ఆ తర్వాత ఎవరి బండి ఎవరు తోలుకుపోయినా పోనీ అంది. కాలే ట్రేలు మోయడంలో ఆమెకున్న అలవాటు ఆబ్రీకి లేదు గనక తనే పట్టుకుని చేలోకి దిగింది.

షెడ్డులో ఐవర్ తన వంతు తెలివి తను ఉపయోగించాడు. కాలుతున్న హబ్బు ఊరికే చల్లారిపోవడం వృథా అనిపించి, గడ్డకట్టిన హామ్‌ను రేకుతో సహా దాని మీద కూర్చోబెట్టాడు. హామ్ అడుగున చక్కగా వెచ్చబడి చిటపటలాడుతోంది. బ్లెంకిన్ కూడా నడిచివచ్చి అక్కడే ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, క్యారియర్ పక్క రేకు మీద అరచేత్తో నిమురుతున్నాడు.

"ఇంత తీరైన రివెట్ల వరుస నేనెక్కడా చూడలేదు ఆబ్రీ," అన్నాడు. "ఒట్టేసి చెబుతున్నాను. దీన్ని తీసుకెళ్ళడానికి చేతులు రావడం లేదు. బేరింగు మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టండి. వచ్చే వారం చూద్దాం."

"మాటిచ్చింది వచ్చే వారానికి కాదు," అన్నాడు ఆబ్రీ.

అన్నాడే గాని అతని కళ్ళు బండి మీంచి కదల్లేదు. వారమంతా చల్లార్చిన బేరింగు ఇప్పుడు నిప్పులా కాలుతోంది. దాన్ని మళ్ళీ చల్లబరచాలంటే ఎంత లేదన్నా ఒక రాత్రి కావాలి. ఒకప్పుడు అందులో పందులు నీళ్ళు తాగాయి. దాన్ని అతను అంగుళం అంగుళం బతికించాడు. ఇప్పుడది తన షెడ్డులోంచి మరొకరి ట్రైలర్ మీద, చప్పుడు లేకుండా, పెట్టెలో పెట్టిన పళ్ళ సెట్టులా వెళ్ళిపోబోతోంది. అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికాడు, చేతికి దొరికిన దానికి గ్రీజు ఉంది.

హెస్టర్ ఇంకా బరువు మోస్తూనే నిలబడి ఉంది. ట్రే ఒక పక్కకు ఒరిగి జారిపోతుంటే దాన్ని పోనిచ్చి, రేకూ గుడ్డా ఊడిపోయి నూనె ఓడుతున్న బేరింగును తొడుగుల చేతుల్తో పట్టుకుంది.

"చేతులు కాలిపోతున్నాయి. దీన్నెక్కడ పెట్టను?"

"ఎక్కడో అక్కడ పెట్టేయ్," అన్నాడు ఆబ్రీ, తల తిప్పకుండానే.

బల్ల మీద చోటు లేదు, హామ్ ఉంది. నేల మీద పెడదామంటే కొత్తగా వేసిన రంగు. ఎదురుగా చిలక్కొయ్యలా పొడుచుకొచ్చి ఉన్నది ఇరుసొక్కటే. హెస్టర్ బేరింగును దానికి తగిలించింది. తగిలించి చెయ్యి వదిలేలోపే అది జర్రున జారి, ఇరుసు పొడుగునా వెళ్ళి, తన చోట్లో టక్కున కూర్చుంది.

నలుగురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఆబ్రీ వెళ్ళి సుత్తి పిడితో తట్టి చూశాడు. కదల్లేదు. అప్పుడు అతనికి వెలిగింది. చలికి ఇనుము ముడుచుకుంటుంది, నిజమే. ఇనుముతో పాటు దాని నడిమి రంధ్రమూ ముడుచుకుంటుంది. మిగతా చక్రాల్లో బేరింగు హబ్బు లోపలికి దిగి బిగుసుకోవాలి గనక దాన్ని చల్లబరచాలి. ఇక్కడ ఇరుసు మీదికి ఎక్కి బిగుసుకోవాలి. వసంతం నుంచీ తను ఆ రంధ్రాన్ని పట్టుదలగా, శాస్త్రోక్తంగా, రోజురోజుకీ ఇరుకు చేసుకుంటూ వచ్చాడు.

బ్లెంకిన్ నట్ల పెట్టె మీద కూలబడ్డాడు. "ఆ వ్యాసం రాసింది నేనే," అన్నాడు.

ఆ తర్వాత అతను చేసిన పనికి ఆబ్రీ జీవితాంతం అతన్ని గౌరవిస్తాడు. లేచి కోటు విప్పి, మంచి ప్యాంటుతోనే బండి కిందికి వెల్లకిలా దూరి, పట్టా చివర్లు రెండూ దగ్గరికి లాగి పట్టుకున్నాడు. బండి కదలకపోతే అతనికి దక్కుతుంది. కదిలించడానికి అతనే మోచేతులు చెక్కుకుపోయేలా పాకుతున్నాడు. ఐవర్ నిట్టూరుస్తూ గునపం వేసి ఎత్తాడు. ఆబ్రీ హబ్బును ఎక్కించి బిగించి, పట్టాకు చివరి మేకు కొట్టాడు. హెస్టర్ హామ్‌కు కొత్త రేకు చుట్టింది. ఇంజను మొదట దగ్గింది, తర్వాత తుమ్మింది, మూడోసారి షెడ్డు కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయేలా గర్జించింది. ఆబ్రీ ఏదో అన్నాడు గాని ఎవరికీ వినబడలేదు. అతను ఏడుస్తున్నట్టు మాత్రం కనబడింది.

హాలుకు వెళ్ళే సందు ఇంకా మూసుకునే ఉంది. చక్రాల బండేదీ ఆ కాలువ దాటి వెళ్ళలేదు. పట్టాల బండికి అలాంటి పట్టింపు లేదు. హెస్టర్ ముందు సీట్లో హామ్‌ను ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. క్యారియర్ పెరట్లోంచి కంచె సందు గుండా చేలోకి దిగి, కాలువ గట్టు మీదికి మొహం ఎత్తి, ఒక్క క్షణం ఆకాశం చూసి, దబ్బున అవతలికి వాలి సందులోకి ఎక్కింది. పదేళ్ళుగా కూర్చున్న బండి నడవడం నేర్చుకున్న పసిబిడ్డలా కాదు, పనికి ఆలస్యమైన మనిషిలా నడిచింది. దాన్ని తీసుకుపోవడానికొచ్చిన లారీకి ఆబ్రీ గొలుసు తగిలించాడు. లారీ, దాని వెనక ట్రైలర్, బురద ఓడ్చుకుంటూ కాలువలోంచి బయటికొచ్చాయి. ఎవరిని ఎవరు తోలుకెళ్తున్నారో తెలియనట్టుగా ఆ వరస ఊళ్ళోకి ప్రవేశించింది.

హాలు గుమ్మం ముందు ఊరంతా ఉంది. ఈసారి చప్పట్లు కొట్టలేదు. ఇంజను ఆగేదాకా అందరూ అలా చూస్తూనే నిలబడ్డారు. మ్యూరియల్ వచ్చి హెస్టర్ చేతిలోంచి హామ్ అందుకుంది. ట్యాంకు బాగుంది అంది. ఆబ్రీ సరిదిద్దబోతే హెస్టర్ అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఈ ఒక్క రోజుకీ పోనీ," అంది.

విందులో బ్లెంకిన్ ఆబ్రీ పక్కనే కూర్చున్నాడు. ప్లేటులో హామ్ రెండుసార్లు వడ్డించుకున్నాక, అంత అనుభవం ఉండీ లారీని లాగడానికి మీ బండ్లలో ఒకటి ఎందుకు తెప్పించలేదని ఆబ్రీ అడిగాడు. బ్లెంకిన్‌కు గోదాము నిండా క్యారియర్లున్నాయని జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్కటీ కదలదయ్యా. అన్నిటికీ పని ఆ ఎడమ వెనక చక్రం దగ్గరే ఆగిపోయింది. ఇంకా పెద్ద ఫ్రీజర్ కొందామనుకుంటున్నాను."

ఆబ్రీ నవ్వలేదు. సైడర్ గ్లాసు అతని వైపు జరిపి, మీ వంటింట్లో ఓవెన్ ఎంత పెద్దదని అడిగాడు. ఇద్దరూ చాలాసేపు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. అవతల హెస్టర్ ఆ బండి నేల రేకులు ఆయన ఒక్కొక్కటీ చేత్తోనే సాపు చేశాడని చర్చి పాస్టరు భార్యకు చెబుతోంది. అడక్కుండానే, మూడోసారి.

ఆదివారమంతా క్యారియర్ ఊళ్ళో పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకుని తిరిగింది. ఇన్నేళ్ళ పని సంపూర్ణంగా, ఏ లోపమూ లేకుండా పూర్తయింది గనక, సోమవారం పొద్దున్నే ఆబ్రీ ఇంజను మొత్తం విప్పేశాడు.